దశరథ్ తీయని ముసుగు

జనవరి చలిలో మంకీ క్యాప్ పెట్టుకోని మగవాడు జనక్‌పురి మొత్తం మీద ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు చెన్నకేశవులు. పొద్దున్నే పాల డిపో దగ్గర క్యూ చూస్తే తలకాయలన్నీ ఉన్నిలో మునిగిపోయి కళ్లు మాత్రం బయటికి కనబడేవి. ఈయన ఒక్కడూ చెవులు కందిపోయి, ముక్కు కారుతూ, వట్టి తలతో నిలబడేవాడు. రాత్రి రజాయి దుప్పటిని గడ్డం దాటి పైకి రానిచ్చేవాడు కాదు. స్కూటరు కొనుక్కోవయ్యా, ఆఫీసులో లోను ఇస్తారంటే, హెల్మెట్టు పెట్టుకోవాలి గదా అని వద్దన్నాడు. మంగలి దగ్గర క్షవరం అయినంతసేపూ బుద్ధిగా కూర్చుని, చివర్లో వాడు అలవాటుకొద్దీ మెడ వెనక అరచెయ్యి వేసి నొక్కబోతే ముల్లు గుచ్చుకున్నట్టు లేచిపోయేవాడు.

ఇదేం చాదస్తమని జనం నవ్వుకునేవారు. చాదస్తమైతే ఎంత బాగుండును! ముఖం మీదికి గుడ్డ వచ్చిందంటే ఆయనకు ఊపిరాడదు. ఊపిరాడని ఆ క్షణంలోనే చెవుల్లో ఒక ఆడగొంతు కేక పెడుతుంది. ఆ గొంతు దయ్యానిదీ కాదు, చచ్చిపోయినవాళ్లదీ కాదు. పక్కగదిలో పప్పుకు పోపు పెడుతూ నిక్షేపంగా ఉన్న ఆయన భార్య కస్తూరిది.

కస్తూరి గొంతు మామూలు గొంతు కాదు. ప్రొద్దుటూరు పక్క పల్లెలో చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలిన గొంతు. రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి "ఓ భయ్యా!" అన్నదంటే, వీధి మలుపు తిరిగిపోతున్న కూరగాయల బండి సైతం వెనక్కి రావలసిందే. ఆ గొంతుతో ఆమె ఏళ్ల తరబడి ఇంట్లో ఒక మాట అంటూ ఉండేది. టీవీలో కుస్తీ చూపించినా అనేది, పాత పోస్టరు ఏదైనా గోడ మీద కనబడినా అనేది, ఒక్కోసారి ఏమీ లేకుండానే బియ్యం ఏరుకుంటూ అనేది.

"ఆ దశరథ్ ఉత్త దొంగ పహిల్వాన్. ఆ పొద్దు ముసుగోడు నిజంగా కొట్టింటే వాడు లేచేవాడా?"

చెన్నకేశవులు చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయేది. ఆయన పేపరు మడిచి పెట్టి, చెప్పులేసుకుని, కాలనీ పార్కు చుట్టూ తిరిగి వచ్చేవాడు.

ఇప్పటివాళ్లకు ఆ పేరు తెలియదు. డెబ్బైల మొదట్లో మాత్రం దశరథ్ పహిల్వాన్ అంటే ఢిల్లీలో రిక్షా తొక్కేవాడి దగ్గర్నుంచి ఫైళ్లు తోసే గుమాస్తా దాకా ఒకటే వెర్రి. నజఫ్‌గఢ్ అవతల ఒక పల్లె ఆయనది. గోడల నిండా ఆయన బొమ్మే. పోస్టర్లో సింహం నోట్లో చెయ్యి పెట్టి నవ్వుతూ నిలబడేవాడు. ఆ సింహం ఎక్కడిది, దాన్ని ఎవరు చూశారు అని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. చీకటి ఖండాల నుంచి వచ్చారని చాటింపు వేసిన రాక్షసులంతా ఆయన చేతిలో ఓడిపోయి వెళ్లేవారు. ఆ రాక్షసుల్లో ముప్పాతిక మంది పానిపట్టు, మీరట్‌ల మనుషులే. అది తెలిసినవాళ్లు "అంతా లాలూచీ కుస్తీ" అని పెదవి విరిచేవారు. తెలియనివాళ్లు వాళ్ల మీదికి కొట్టడానికి వచ్చేవారు. టీ కొట్ల దగ్గర ఆ వాదన తెగేది కాదు: దశరథ్‌ది నిజం పేరా, పోస్టర్ల పేరా?

దానికి జవాబు చెప్పగలిగినవాడు ఒక ఆఫీసు స్టోరు గదిలో కాగితాల కట్టలు మోస్తూ ఉండేవాడు. చెప్పేవాడు కాదు, అంతే.

చెన్నకేశవులుది ప్రొద్దుటూరు తాలింఖానాలో పెరిగిన శరీరం. దండీలు, బస్కీలు తియ్యకపోతే అన్నం సయించేది కాదు. మిలిటరీలో ఉన్న మేనమామ పట్టుకొచ్చి ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా పెట్టించాడు. పెళ్లయి కస్తూరిని తెచ్చుకున్న కొత్తలో కటవారియా సరాయ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఇంటి యజమాని జాట్. ఈ మద్రాసీ పొద్దున్నే డాబా మీద బస్కీలు తియ్యడం చూసి ముచ్చటపడి ఊళ్లోని కుస్తీ అఖాడాకు తీసుకుపోయాడు. కుస్తీలు పెట్టించే కాంట్రాక్టరు ఒకాయన అక్కడ ఈయన్ని చూశాడు. చూసి, గెలిచేవాడి కోసం కాదు, ఓడిపోయేవాడి కోసం వెతుకుతున్నానన్నాడు.

ఓడిపోవడం తేలికైన పని అనుకుంటారు గానీ అదొక విద్య. పోస్టరు మీద ఎన్ని సింహాలున్నా, దశరథ్ నడుము అప్పటికే పోయింది. కుర్రతనంలో మట్టి గోదాలో నిజమైన కుస్తీలు పట్టి, నిజమైన తలపాగాలు బహుమతిగా గెలిచి, అక్కడే నడుం విరగ్గొట్టుకున్నాడు. జనం మాత్రం ఆయన మనిషిని తలమీదికెత్తి గిరగిరా తిప్పాలని టిక్కెట్లు కొనుక్కొచ్చేవారు. నడుం లేనివాడు ఎత్తేదెలా? అందుకని ఎత్తించుకునేవాడే ఎగరాలి. దశరథ్ చేతులు తగలగానే కాళ్లతో నేలను తన్ని పైకి లేవాలి, ఆయన భుజం మీద తన బరువు తానే మోసుకుంటూ పడుకోవాలి, పడేటప్పుడు వీపు పరిచి పడాలి. చూసేవాళ్లకు అది దశరథ్ బలం. చెన్నకేశవులుకు తన పిక్కల బలం.

సర్కారు ఉద్యోగి ఇంకో చోట కూలికి పోతే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ముసుగు. ఒక ఊళ్లో బర్మా భూతం, ఇంకో ఊళ్లో మంగోలియా రాకాసి. ఓడిపోయిన ముసుగువాడి ముసుగు గెలిచినవాడు అక్కడికక్కడే లాగి జనానికి ముఖం చూపించాలి. అది ఆ ఆటలో తప్పించరాని ఆచారం, జనం దానికోసమే చివరిదాకా కూర్చునేవారు. రోహ్‌తక్‌లోనో కర్నాల్‌లోనో ముసుగు లాగితే ఏమైంది, ఆ ముఖాన్ని ఎరిగినవాడెవడు? కస్తూరికి ఓవర్‌టైమ్ అని చెప్పి వెళ్లేవాడు. ఒంటి మీద దెబ్బలు కనబడితే కట్టలు మీద పడ్డాయనేవాడు.

దశరథ్ మంచివాడా చెడ్డవాడా అని చెన్నకేశవులు ఎప్పుడూ ఆలోచించలేదు. గోదాలోకి దిగే ముందు దశరథ్ ఈయన చెవిలో "ఎగురు తమ్ముడూ" అని హిందీలో బతిమాలుతున్నట్టు అనేవాడు. కుస్తీ అయ్యాక బాదంపాలు తాగించి, దెబ్బ తగిలిందా అని వీపు తడిమేవాడు. సింహం బొమ్మలాయన ఇంత మెత్తగా ఉండటం చూసి చెన్నకేశవులుకు లోపల్లోపల కొంచెం అలుసు కూడా ఉండేది. ఉన్న మాట చెప్పుకోవాలి గదా. వీడికి ఈ పేరు నా కాళ్లు పెట్టిన భిక్ష అనుకునేవాడు.

ఇంట్లో మరి కస్తూరికి దశరథ్ అంటే దేవుడు. ఆవనూనె క్యాలెండరు మీది ఆయన బొమ్మను కటవారియా సరాయ్ గదిలో పొయ్యి పైన తగిలించుకుంది. "మొగోడంటే అట్లుండల్ల" అని మొగుడి ముందే అనేది. చెన్నకేశవులు నవ్వుకుంటూ అన్నం తినేవాడు. ఈ రహస్యం ఎప్పుడో ఒకనాడు ముసలితనంలో చెప్పి ఆమెను నవ్వించాలని అనుకునేవాడు.

డెబ్బై నాలుగు చలికాలంలో రాంలీలా మైదానంలో డేరా వేశారు. ఢిల్లీలో చెన్నకేశవులుకు అదే మొదటిసారి. భయపడితే కాంట్రాక్టరు, ముసుగు కింద ముఖానికి మసి పూసుకో, కన్నతల్లి కూడా గుర్తుపట్టదు అన్నాడు. ఆయనకు తెలియనిదల్లా ఒకటే. వాళ్ల పక్కవాటాలో ఉండే సీతారత్నం గారి భర్తకు ఆఫీసు క్లబ్బులో పాసులు దొరికాయి. ఆయనకు జ్వరం తగిలితే ఆవిడ కస్తూరిని వెంటబెట్టుకుని వచ్చింది. మొగుడు ఓవర్‌టైములో ఉన్నాడనుకుని, కస్తూరి మొదటిసారి తన దేవుణ్ణి కళ్లారా చూడటానికి వచ్చింది.

కుస్తీ అనుకున్నట్టే నడిచింది. ముసుగువాడు దశరథ్‌ని తాళ్లకేసి తోశాడు, వెనకనుంచి తన్నాడు, జనం చేత బూతులు తిట్టించుకున్నాడు. సాయంత్రం మంచు దిగుతుంటే దీపాల చుట్టూ పొగలాగా ఉంది. ఆఖరి పట్టుకు దశరథ్ దగ్గరికొచ్చి నడుం చుట్టూ చేతులు వేసి "ఎగురు తమ్ముడూ" అన్నాడు. చెన్నకేశవులు మోకాళ్లు వంచాడు. కాళ్లు నేలను తన్నబోయే ఆ క్షణాన, అన్ని వేల హిందీ గొంతుల మీదుగా, జొన్నచేలో పిట్టను తోలే గొంతు ఒకటి వచ్చి చెవిలో పడింది.

"ఎత్తి కొట్టు! ఎత్తి కొట్టు నా కొడుకుని!"

ఆయన తల తిప్పి చూశాడు. అంతే, కాళ్లలో జీవం పోయింది. ఎగరలేదు. కానీ దశరథ్ చేతులు అప్పటికే పైకి లేస్తున్నాయి. చచ్చిన దున్న లాంటి ఆ బరువంతా పైకి పోయింది, పోతూనే అటువైపుకి వాలిపోయింది. చెన్నకేశవులుకు దీపాలు కిందా, నేల పైనా కనబడ్డాయి. తలకిందులుగా జారుతున్నాడు. మెడే మొదట నేలకు తగలబోతున్నదని తెలిసిపోయింది. అప్పుడు చెవి పక్కనే, దశరథ్ నడుములో, ఎండు కట్టె విరిగినట్టు ఒక చప్పుడు విన్నాడు.

చేతులు వదిలేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వదలమనే కదా జనం అరుస్తున్నదీ. దశరథ్ వదల్లేదు. పళ్లు కొరుక్కుని, ఒక మోకాలి మీద కూలబడి, నిండు బిందెను దించినట్టు ఆ మనిషిని మెల్లగా కిందికి దించి పడుకోబెట్టాడు. చెన్నకేశవులు ముసుగులోంచి గొణిగాడు. "భాయ్‌సాబ్, నా భార్య వచ్చింది."

కొట్టాల్సినవాణ్ణి పాపాయిలా పడుకోబెట్టేసరికి జనం ముందు నివ్వెరపోయారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత మండిపడ్డారు. ముసుగు, ముసుగు అని డేరా అదిరిపోయింది. దశరథ్ లేచి నిలబడటానికి ముసుగువాడి భుజమే పట్టుకున్నాడు. ముసుగు అంచు మీద, మెడ వెనక, అరచెయ్యి బలంగా అదిమిపెట్టాడు. లాగడానికి కాదు, ఎవరూ లాగకుండా. అలాగే అదిమిపట్టి, వంగిపోయిన నడుంతో, చెప్పులు మీద పడుతుంటే, దొంగ, నకిలీ, లాలూచీ అని కూతలు వింటూ ఆయన్ని గోదా దాటించి డేరా వెనక్కి తీసుకుపోయాడు.

మర్నాడు పేపర్లన్నీ అదే రాశాయి. ముసుగు తీయకపోవడమే మోసానికి సాక్ష్యం అన్నాయి. అదే దశరథ్ ఆఖరి కుస్తీ. ఆ నడుం మళ్లీ నిటారుగా నిలబడలేదు, ఆ పేరూ నిలబడలేదు. ఆ డేరా కుస్తీలన్నింట్లో ఆయన ఒక మనిషిని సొంత బలంతో పైకెత్తింది ఆ ఒక్కసారే. జనం దొంగ అని తరిమింది కూడా అందుకే.

ఆ రాత్రి చెన్నకేశవులు మెడ పట్టేసి ఇంటికొచ్చి, ఆఫీసులో స్టూలు మీంచి పడ్డానన్నాడు. కస్తూరి ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, ఆముదం కాచి మెడకు రాసింది. తర్వాత లేచి వెళ్లి పొయ్యి పైన క్యాలెండరు తీసి నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేసింది.

"దొంగ పహిల్వాన్. ముసుగోడు నిజంగా కొట్టింటే వాడు లేచేవాడా?" అన్నది. ఆ మాట పుట్టింది ఆ పూటే.

జనంతో పాటు ఈమె కూడా అంటున్నదనుకున్నాడు చెన్నకేశవులు. కాదని చెప్పాలంటే, ముసుగు నాదే అని చెప్పాలి. అది చెబితే, నువ్వు చంపమని అరిచింది నన్నే అని చెప్పినట్టు అవుతుంది. ఆమె గుండె ఆగిపోతుందని నోరు మూసుకున్నాడు. దశరథ్ పల్లెలో మంచాన పడ్డాడని విన్నాడు. వెళ్లి చూడాలనుకున్నాడు, ఆఫీసులో తెలుస్తుందని వెళ్లలేదు. తర్వాత ఉద్యోగం పర్మనెంటయ్యింది, ఇక భయం లేదు, అయినా వెళ్లలేదు. అప్పటికి సిగ్గు అడ్డమొచ్చింది. కూతురు పుట్టింది, పెరిగింది, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేంత అయింది. జనక్‌పురిలో ఫ్లాటు వచ్చింది. మంచం మారింది, వీధి మారింది, ఆ కేక మాత్రం వెంటే వచ్చింది. ముఖం మీదికి రజాయి జరిగిన ప్రతిసారీ తలకిందులుగా దీపాలు కనబడేవి. ఆ మాట ఇంట్లో వినబడిన ప్రతిసారీ మెడ వెనక ఒక అరచెయ్యి వెచ్చగా తగిలేది. బతికున్న మనిషి చెయ్యి అలా వెంటాడటం ఏమిటో ఆయనకు అర్థమయ్యేది కాదు. కృతజ్ఞత చెప్పుకోకుండా దాచుకుంటే అదీ దయ్యమే అవుతుందని ఆయనకు చెప్పేవాళ్లెవరు?

ఎనభై ఆరు జనవరిలో ఒక పొద్దున నజఫ్‌గఢ్ వైపు నుంచి వచ్చే పాలవాడు, పాలు కొలుస్తూ, మాటల్లో మాటగా, దశరథ్ పహిల్వాన్ పోయాడని చెప్పాడు. వాళ్ల పక్క ఊరేనట. మర్నాడే పెద్దకర్మ. పాలవాడు వెళ్లిపోయాక కస్తూరి గిన్నె తీసుకుని లోపలికొచ్చింది.

"పోయినాడంట పాపం. ఎంతైనా దొంగ పహిల్వానే. ఆ పొద్దు ఆ ముసుగోడు నిజంగా..."

"ఇంగ చాలు, నిలుపే!" అన్నాడు చెన్నకేశవులు. ఆయన అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. "ఆ ముసుగోడు నేనేమే."

కస్తూరి పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. వెనక్కి తిరక్కుండానే అన్నది. "తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"నువ్వేనని. ఆ పొద్దే తెలుసు. నేను అరిస్తే నువ్వు తల తిప్పితివి. అంతమంది జనంలో ఒక్కడు గూడా నా పక్క చూడల్యా, వాళ్లకు తెలుగు యాడొస్తాది? ముసుగోడు చూసినాడు. అప్పుడు కాళ్ల పక్క చూస్తి. నీ కాళ్లు నాకు తెలీవా?"

చెన్నకేశవులు మళ్లీ కూర్చుండిపోయాడు. "మరి ఇన్నేండ్లూ ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు చెప్పల్యా గదా. స్టూలు మీంచి పడినా అంటివి. పెండ్లాం ముందర ఓడిపోతినే అని సిగ్గయితాందేమో అనుకుంటి. అందుకే నేనే అంటాంటి, వాడు దొంగోడు, ముసుగోడు నిజంగా కొట్టింటే గెల్చేటోడని. నీకు వినపడల్లనే గట్టిగా అంటాంటి. నీకు నెమ్మదిగా ఉంటాదని."

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదేళ్లకు పైగా ఈ మనిషి తనకు మందు అనుకుని పోసింది, తను విషమనుకుని మింగుతూ వచ్చాడు, ఒకే గ్లాసులోంచి.

"నన్ను ఎవురూ ఓడగొట్టలేదు కస్తూరీ. ఓడిపోయే కూలికే నేను పోతాంటి," అన్నాడు. "ఆయప్పకు నడుం లేదు. నేనే ఎగురుతాంటి. ఆ పొద్దు నీ గొంతు వినపడె, నేను ఎగరల్యా. నా బరువంతా ఆ నడుం మీద పడె. తలకిందులుగా జారితి. ఆయప్ప చెయ్యి ఇడిసింటే ఈ మెడ విరిగి ఆడనే సచ్చేవాణ్ణి. ఇడవల్యా. నడుం ఇరిగిన చప్పుడు నేను వింటి. నా పెండ్లాం వచ్చింది అని చెప్తే ముసుగు తీయల్యా. నువ్వు నన్ను చూడగూడదని. అందరితో చెప్పులేయించుకున్యాడు. మంచాన పడినాడు. నేను పోయి ఒక్కసారి చూడల్యా."

కస్తూరి పొయ్యి దగ్గర అలాగే నిలబడింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా చెయ్యి కదల్లేదు. అంతసేపటికి "నేను అన్న మాటలన్నీ ఆయప్పనా?" అని మాత్రం అన్నది.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి ఆ పల్లెకు పోయారు. ఇంటి ముందు జంపఖానాలు పరిచి మగవాళ్లు హుక్కా చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్లు ముసుగులు దించుకుని గడప లోపల ఉన్నారు. కస్తూరి వెళ్లి గడప దగ్గర కూర్చుంది. చెన్నకేశవులు మగవాళ్ల వెనక చేరాడు. చావింట్లో కూడా అదే వాదన నడుస్తున్నది. ఒక ముసలి వస్తాదు, మట్టిలో ఉన్నంతకాలం దశరథ్‌కు సాటి లేడంటున్నాడు. కోరమీసాల నడివయసు మనిషి ఒకాయన, మట్టి సంగతి సరే, ఆ ముసుగువాడి కుస్తీతో ఊరి పరువంతా పోయింది కదా అంటున్నాడు.

చెన్నకేశవులు లేచి నిలబడ్డాడు. ఆఫీసు హిందీలో, చేతులు కట్టుకుని, ఆ ముసుగువాణ్ణి నేనే అన్నాడు. ఆ రోజు ఎత్తింది అబద్ధం కాదు, డేరాల్లో ఆయన ఎత్తిన వాటిల్లో నిజం అదొక్కటే అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

అందరూ విన్నారు. మీసాలాయన హుక్కా గొట్టం పక్కవాడికి అందించి నవ్వాడు. "పొద్దున్నించి నువ్వు మూడో ముసుగువాడివి, బాబూజీ. ఇంతకుముందు ఒకడు మీరట్ నుంచి వచ్చాడు, ఒకడు రిక్షా దిగి వచ్చాడు. చావు భోజనానికి ఎవరైనా రావచ్చు, కథలక్కర్లేదు. నువ్వేనని ఎవరు చూశారు?"

ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. చూడకుండా అరచెయ్యి అడ్డం పెట్టినవాడే పోయాడు. ఆ రోజు ముసుగు తీసి ఉంటే ఈ రోజు సాక్షి ఉండేవాడు. తీయనందువల్ల చెన్నకేశవులు బతుకు నిలబడింది, దశరథ్ పేరుకు సాక్ష్యం లేకుండా పోయింది.

"నేను చూస్తి," అన్నది కస్తూరి గడప దగ్గర్నుంచి, తన వంకర హిందీలో. మగవాళ్లు తిరిగి చూశారు. "నువ్వెవరు?" "ఈయన భార్యని." మళ్లీ నవ్వులు. మొగుడి మాట పెళ్లాం కాదంటుందా అన్నాడు మీసాలాయన.

లోపల్నుంచి ఒక ముసలామె లేచి, గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. దశరథ్ భార్య. మగవాళ్ల నవ్వులు ఆగాయి. ఆమె ముసుగు తీయకుండానే కస్తూరి ముందు కూర్చుంది.

"ఆ రోజు నువ్వు అక్కడ ఉన్నావా? ఏమని అరిచావు? హిందీలో చెప్పకు. అరిచింది అరిచినట్టు అను."

బండ్లను ఆపే గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. కస్తూరి పెదవులు కదిలించి ఏదో గొణిగింది.

"అలా కాదమ్మా," అన్నది ముసలామె. "అరువు."

చెన్నకేశవులు వద్దన్నట్టు చెయ్యెత్తాడు. కస్తూరి ఆయన వైపు చూడలేదు. కళ్లు మూసుకుని, ఆ చావింటి ముంగిట్లో, వెనకటి గొంతుతోనే కేక పెట్టింది. "ఎత్తి కొట్టు!"

హుక్కా చప్పుడు ఆగిపోయింది. చెన్నకేశవులుకు కాళ్ల కింద నేల ఒక్కసారి పైకి లేచినట్టయి పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు. ముసలామె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి ఆ చేతుల్లోంచే మాట్లాడింది.

"ఇదే. ఇదే మాట. ఇన్నేళ్లూ నిద్రలో ఇదే అరిచి లేచేవాడు. నడుం నొప్పికి లేచేవాడో, ఈ మాటకు లేచేవాడో నాకు తెలిసేది కాదు. ఎక్కడి భాషో ఆయనకూ తెలియదు. ఆ మద్రాసీ పెళ్లాం అరిచింది అనేవాడు. జనం వచ్చి దొంగ అని తిట్టిపోతే, తిట్టనీ, ఒకడికి తెలుసు, వాడు వస్తాడు అనేవాడు." ఆమె ముసుగులోంచి చెన్నకేశవులు వైపు తిరిగింది. కోపం లేదు ఆ తిరగడంలో, అదే ఆయన తట్టుకోలేకపోయాడు. "చాలాకాలం అనేవాడు. తర్వాత అనడం మానేశాడు."

ఆయన జంపఖానా మీద కూలబడి, అందరి ముందూ, పెద్దగా ఏడ్చాడు. ముసలామె కస్తూరి వైపు తిరిగింది.

"ఆ మాటకు అర్థమేమిటో చెప్పు. ఆయన తెలుసుకోకుండానే పోయాడు. నన్నయినా తెలుసుకోనీ."

అబద్ధం చెప్పడానికి కస్తూరికి ఎవరూ అడ్డం లేరు. అక్కడ తెలుగు తెలిసినవాడు మొగుడొక్కడే. కాపాడు అన్నానని చెప్పొచ్చు. జాగ్రత్త అన్నానని చెప్పొచ్చు. ఆమె ముసలామె చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎత్తమన్నా," అన్నది, ఒక్కొక్క హిందీ మాటా వెతుక్కుంటూ. "నేలకేసి కొట్టమన్నా. ఆయన ఎత్తినాడు. కొట్టలేదు."

ముసలి వస్తాదు లేచి నిలబడి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. మీసాలాయన తల వంచుకున్నాడు. ఆ ఊళ్లో ఆ వాదన మళ్లీ రాలేదని పాలవాడు తర్వాత చెప్పాడు. మిగతా ఢిల్లీ సంగతి ఎవరికి తెలుసు? మిగతా ఢిల్లీకి దశరథ్ ఎవరో కూడా గుర్తులేదు.

ఆ చలికాలంలోనే చెన్నకేశవులు మంకీ క్యాప్ కొనుక్కున్నాడు. మొదట్లో కొంచెం ఊపిరాడనట్టు ఉండేది గానీ, ఏ గొంతూ వినబడలేదు. ఇంట్లో కూడా ఆ పాత మాట మళ్లీ వినబడలేదు. అసలు ఏ మాటా గట్టిగా వినబడలేదు. కూతురు బాల్కనీలోంచి "మమ్మీ, సబ్జీవాలా జా రహా హై, ఆవాజ్ దో నా" అని, బండి వెళ్లిపోతోంది కేకెయ్యమని తొందరపెడుతుంది. కస్తూరి సంచీ తీసుకుని, గోడ పట్టుకుని, రెండంతస్తుల మెట్లూ దిగి కిందికి పోతుంది.